వేసవి తాపం – గృహవాసం

పాఠ్యాంశ పరిచయం: ఎండ వేడిమి దేహంపై చూపే ప్రభావాన్ని, ఇంటిని చల్లబరచుకొనే మార్గాలను, శీతల యంత్రాన్ని కొనే ముందు ఆలోచించవలసిన విషయాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

"రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయి" అని తెలుగువారి సామెత. రాతిరోలునే పగులగొట్టే ఎండకు మనిషి దేహం ఏపాటిది? రెంటచింతల, రామగుండం, కొత్తగూడెం వంటి ఊళ్ళ పేర్లు ఏటా వేసవిలో వార్తలకెక్కుతాయి. 2015 మే నెలలో వీచిన వడగాలులకు దేశంలో రెండు వేలమందికి పైగా మరణించారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలవారే. వృద్ధులు, ఆరుబయట శ్రమించే కూలీలు ఎక్కువగా బలయ్యారు. కనుక వేసవిలో చల్లదనం సౌఖ్యానికి మాత్రమే సంబంధించింది కాదు. ప్రాణరక్షణకు సంబంధించింది కూడా.

మానవదేహపు ఉష్ణోగ్రత సుమారు 37 డిగ్రీల సెల్సియస్. చుట్టూ ఉన్న గాలి చర్మం కంటె చల్లగా ఉన్నంతవరకు దేహంలోని వేడి వెలుపలికి పోతూనే ఉంటుంది. గాలి అంతకంటె వేడెక్కినప్పుడు చెమట ఒక్కటే శరణ్యం. చెమట ఆవిరవుతూ దేహంలోని వేడిని తనతో తీసుకొనిపోతుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట త్వరగా ఆరదు. ఉష్ణోగ్రత కొంత తక్కువగా ఉన్నా సముద్రతీర ప్రాంతాలవారు ఉక్కపోతతో అల్లాడడానికి కారణమిదే.

మన పూర్వులు ఈ సూత్రాలను అనుభవంతో గ్రహించారు. మందమైన మట్టిగోడలు, గాలి ఆడే మండువా లోగిళ్ళు, ముంగిట తాటాకు పందిరి, వాకిట వేపచెట్టు వారి ఇళ్ళను కాపాడేవి. కిటికీలకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చిలకరిస్తే లోపలికి వచ్చే గాలి చల్లబడేది. మట్టికుండలో నీరు చల్లబడేదీ, తడిసిన తడిక గాలిని చల్లబరచేదీ, చెమట దేహాన్ని కాపాడేదీ ఒకే సూత్రంతో. అయితే నాడు అందరికీ మండువా ఇళ్ళు లేవు. నేడు అందరికీ చల్లని గదులూ లేవు. పగలంతా ఎండను పీల్చుకొన్న కాంక్రీటు కప్పు రాత్రి ఆ వేడిని గదిలోకి విడుస్తుంది. ఇక రేకుల ఇంట్లో కాపురముండేవారి మధ్యాహ్నాలు చెప్పనలవి కానివి.

యంత్రాన్ని కొనే ముందు ఇంటిని చక్కదిద్దుకోవాలి. పడమటి కిటికీలకు వెలుపల తడికలు కట్టి ఎండ అద్దాన్ని తాకకుండా చేయాలి. పగలు కిటికీలు మూసి, రాత్రి చల్లగాలి వీచే వేళ తెరవాలి. మేడకప్పుకు తెల్లసున్నం పూస్తే ఎండ చాలావరకు తిరిగి వెళ్ళిపోతుంది. ఇటువంటి చల్లని కప్పులను ప్రోత్సహించడానికే తెలంగాణ ప్రభుత్వం 2023లో ఒక ప్రత్యేక విధానాన్ని ప్రకటించింది. పొడిగాలి వీచే ప్రాంతాల్లో ఎయిర్ కూలర్ చక్కగా ఉపకరిస్తుంది. కోస్తాలో దానివల్ల ప్రయోజనం తక్కువ. తేమగల గాలికి అది మరింత తేమను చేరుస్తుంది.

ఇక శీతల యంత్రం సంగతి. 1902లో విల్లిస్ కారియర్ అనే అమెరికా ఇంజనీరు న్యూయార్కు నగరంలోని ఒక ముద్రణాలయం కోసం దీనిని రూపొందించాడు. గాలిలోని తేమకు కాగితాలు సాగి, రంగులు పొసగక ముద్రణ చెడిపోయేది. అంటే ఈ యంత్రం మొదట కాపాడింది మనుషులను కాదు, కాగితాలను! ఇది చలిని సృష్టించదు. గదిలోని వేడిని మోసి వెలుపల పోస్తుంది. ఒకటిన్నర టన్నుల యంత్రం అంటే దాని బరువు కాదు. ఒకటిన్నర టన్నుల మంచును 24 గంటల్లో కరిగించడానికి కావలసినంత వేడిని అదే వ్యవధిలో గదినుండి తొలగించగలదని అర్థం. ఆ వేడితోపాటు యంత్రం వాడుకొన్న విద్యుత్తు కూడా వేడిగా మారి వీధిలోకే చేరుతుంది. మన గది చల్లబడినకొద్దీ పక్కింటి కిటికీ వేడెక్కుతుంది.

ఖర్చు సంగతీ చూడాలి. గంటకు ఒకటిన్నర యూనిట్లు వాడే యంత్రం 8 గంటలు ఎడతెగక పనిచేస్తే 12 యూనిట్లు ఖర్చవుతాయి. 75 వాట్ల పంకాకు అదే కాలంలో 0.6 యూనిట్లు చాలు. అయినప్పటికీ వృద్ధులు, పసిపిల్లలు, గర్భిణులు, హృద్రోగులు ఉన్న ఇంట్లో శీతల యంత్రాన్ని విలాసమనడం న్యాయం కాదు. అటువంటి కుటుంబం ఒక గదికి దానిని అమర్చుకొని, తీవ్రమైన వేడి వేళ అందరూ ఆ గదిలోనే గడపడం వివేకం. నక్షత్రాల గుర్తును చూసి కొనాలి. 2020 జనవరి నుండి మన దేశంలో ఈ యంత్రాలు 24 డిగ్రీల అమరికతో ప్రారంభమయ్యేలా నిబంధన వచ్చింది. ఒక్కొక్క డిగ్రీ పెంచినకొద్దీ సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని ఇంధన సామర్థ్య సంస్థ అంచనా. 26 డిగ్రీలు ఉంచి పంకా వేసుకొంటే హాయికి లోటుండదు.

వడదెబ్బ తగిలి మాట తడబడినా, స్పృహ తప్పినా రోగిని నీడకు చేర్చి, ఒంటిని నీటితో తడిపి, గాలి విసరుతూ 108కు కబురు చేయాలి. స్పృహలేని వారి నోట నీరు పోయరాదు.

బాటసారికోసం చలివేంద్రం పెట్టడం తెలుగువారి ధర్మం. దప్పిక తీర్చే కుండను వీధిలో ఉంచిన జాతి, చల్లని గదిని తనకే దాచుకోవలసిన పనిలేదు. మిట్టమధ్యాహ్నం పక్క రేకుల ఇంటి అవ్వను పిలిచి కూర్చోబెడితే ఆ గదే నేటి చలివేంద్రం.

అర్థాలు
తాపం = వేడిమి
శరణ్యం = దిక్కు
పంకా = విసనకర్ర, ఫ్యాను
లోగిలి = ఇల్లు
పొసగక = కుదరక

ప్రశ్నలు
1. తేమ ఎక్కువగా ఉన్నప్పుడు ఉక్కపోత కలగడానికి కారణమేమిటి?
2. శీతల యంత్రం ఎవరికి విలాసం, ఎవరికి అవసరం? చర్చించండి.
3. "ఆ గదే నేటి చలివేంద్రం" – ఈ వాక్యంలోని అంతరార్థాన్ని వివరించండి.