కంప్యూటర్ కొటేషన్‌ను కింది నుంచి పైకి చదవండి

విడపనకల్లు వాళ్లకు అనంతపురం కంటే బళ్లారే దగ్గర. కంప్యూటర్ విడిభాగాల కోసం కొందరు అక్కడికి వెళ్తారు, ఇంకొందరు బెంగళూరు ఎస్పీ రోడ్డు దాకా, మరికొందరు సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ దాకా పోతారు. ఎక్కడికి వెళ్లినా చేతికొచ్చే కొటేషన్ ఒక్క తీరుగానే ఉంటుంది. పైన ప్రాసెసర్, దాని కింద గ్రాఫిక్స్ కార్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. అన్నిటికంటే కింద, పేరూ మోడలూ లేకుండా, ‘కేబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్’ అని, అంటే కంప్యూటర్ డబ్బా, దానికి కరెంటు అందించే పవర్ సప్లై కలిపి, చిన్న మొత్తం. మన ఎండ, మన దుమ్ము, మన ఊరి కరెంటు ముందుగా దెబ్బ కొట్టేది ఆ చివరి వరుసనే. అందుకే కొటేషన్‌ను కింది నుంచి పైకి చదవమంటున్నాను.

ఈ మాటలు డెబ్బై వేల నుంచి లక్ష దాకా పెట్టి, ఒకే మిషన్ మీద పగలు డిజైన్ పని, రాత్రి ఆటలు సాగించుకోవాలనుకునే వాళ్ల కోసం. పెళ్లి పత్రికలు, ఫ్లెక్సీలు వేసేవాళ్లు, చీర అంచుల డిజైన్లు గీసేవాళ్లు, వీడియో ఎడిటింగ్ నేర్చుకుంటున్న పిల్లలు, వీళ్లందరికీ ఆ మిషనే కూడు పెట్టే పనిముట్టు. అది కాలిపోతే మళ్లీ కొనడానికి ఏడాది ఆగాల్సిన ఇళ్లు మనవి.

ముందు ఎర్తింగ్, తర్వాతే బేరం

కంప్యూటర్ పెట్టబోయే గదిలో ప్లగ్గుకు ఎర్తింగ్ ఉందో లేదో, కొనడానికి బయలుదేరకముందే ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. మీటర్ పెట్టినప్పుడు ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య దాదాపు 230 వోల్టులు, ఫేజుకూ ఎర్తుకూ మధ్య ఇంచుమించు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య రెండు మూడు వోల్టులు మించకూడదు.

కేబినెట్ రేకును తాకితే వేళ్లు జివ్వుమంటున్నాయని చాలామంది చెబుతారు, చెప్పులేసుకుని సరిపెట్టుకుంటారు. అలా సరిపెట్టుకోకండి. ఎస్‌ఎంపీఎస్ లోపల కరెంటులోని రొదను వడకట్టే చిన్న కెపాసిటర్లు ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ రేకుకు కలిపి ఉంటాయి. ఎర్తు ఉంటే ఆ కొద్దిపాటి లీకేజీ భూమిలోకి దిగిపోతుంది. లేకపోతే రేకు మీదే నిలబడి దాదాపు సగం వోల్టేజీ, అంటే 115 వోల్టుల దగ్గర తేలుతుంటుంది. ఆ కరెంటు చాలా తక్కువ కాబట్టి మనిషికి జివ్వుమనడంతోనే పోతుంది. కానీ అది ఒక హెచ్చరిక. లోపల ఇన్సులేషన్ దెబ్బతిన్న రోజు అదే రేకు మీదికి పూర్తి 230 వోల్టులు వస్తాయి. టీవీకో, స్పీకర్లకో వైరు గుచ్చేటప్పుడు పోర్టులు కాలిపోయే ప్రమాదం కూడా ఉంది.

మన నేలలో ఎర్తింగ్‌కు ఇంకో చిక్కుంది. నల్లరేగడి తడిగా ఉన్నంతకాలం కరెంటును బాగానే లాక్కుంటుంది. ఎండాకాలం అదే నేల నెర్రెలు విచ్చి, పాతిన కడ్డీకీ మట్టికీ మధ్య సందు పడుతుంది. వానాకాలంలో పరీక్షకు నిలిచిన ఎర్తు ఏప్రిల్‌కల్లా పనికిరాకుండా పోవచ్చు. కడ్డీ చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు వేయించండి, పైన నీళ్లు పోసే గొట్టం పెట్టించండి, వేసవిలో రెండు మూడు రోజులకోసారి బిందెడు నీళ్లు పోయండి. నీళ్లకు కటకటలాడే చోట ఇది భారమేనని తెలుసు. బట్టలుతికిన నీళ్లయినా సరే, పోయండి.

చేయకూడనివి మూడు ఉన్నాయి, ప్రాణం మీదికి తెచ్చేవి. మూడు పిన్నుల ప్లగ్గును రెండు పిన్నుల కన్వర్టర్‌లో పెట్టి వాడకండి. పైనుండే లావు పిన్నే ఎర్తు, దాన్ని తీసేస్తే రక్షణ మొత్తం పోయినట్టే. స్విచ్చు బోర్డు లోపల న్యూట్రల్‌ను, ఎర్తు పిన్నును ఒక ముక్క వైరుతో కలపనివ్వకండి. ఎర్తు తీయలేని చోట కొందరు పనివాళ్లు చేసే సర్దుబాటు ఇది. న్యూట్రల్ ఎక్కడో తెగిన క్షణంలో కేబినెట్ మొత్తం ఫేజు అయిపోతుంది. నీళ్ల పైపుకు కట్టి అదే ఎర్తు అనుకోకండి, ఇప్పుడు పైపులన్నీ ప్లాస్టిక్కే. వీలుంటే ఆ గదికి 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. లీకేజీ కనిపెట్టి రెప్పపాటులో కరెంటు ఆపేస్తుంది.

ఎస్‌ఎంపీఎస్ దగ్గర పిసినారితనం వద్దు

ముందు లెక్క చూసుకుందాం. ఆర్‌టీఎక్స్ 5060 కార్డుకు 145 వాట్లు, అంతకు ముందరి 4060కి 115 వాట్లు. రైజెన్ 5 7600 ప్రాసెసర్ పేరుకు 65 వాట్లది, గట్టిగా పనిచేసేటప్పుడు 88 దాకా లాగుతుంది. బోర్డు, ఫ్యాన్లు, ఎస్‌ఎస్‌డీ కలుపుకున్నా ఈ స్థాయి మిషన్ ఆట మధ్యలో మూడు వందల వాట్ల లోపే ఉంటుంది. కాబట్టి 550 లేక 650 వాట్ల మంచి ఎస్‌ఎంపీఎస్ చాలు. ఆ ‘మంచి’ దగ్గరే మోసమంతా ఉంది. వెయ్యి రూపాయల లోపు దొరికే డబ్బా మీద కూడా 500 వాట్లనే అచ్చేసి ఉంటుంది. లేబుల్ మీద 12 వోల్టుల వరుస చదవండి. అక్కడున్న ఆంపియర్లను 12తో గుణించండి. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ ఆధారపడేది ఆ వరుస మీదే. 500 అని రాసిన డబ్బాలో ఆ లెక్క 200 దగ్గర ఆగిపోతే దాన్ని అక్కడే వదిలి రండి.

ఇన్‌పుట్ వరుస కూడా చూడండి. 100 నుంచి 240 వోల్టుల దాకా అని ఉన్నది మన లో వోల్టేజీకి తట్టుకుంటుంది. 200 నుంచి 240 అని మాత్రమే ఉన్నది, పక్క తోటలో మోటార్లు ఆన్ కాగానే బల్బులు మందగించే ఇళ్లలో ఊరికే రీస్టార్ట్ అవుతుంటుంది. బీఐఎస్ గుర్తు, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. 80 ప్లస్ బ్రాంజ్ అనే ముద్ర కరెంటు వృథా ఎంత తక్కువో చెబుతుందే కానీ భద్రతకు పూచీ కాదు. అది చూసి తృప్తి పడకండి, ఓవర్ వోల్టేజీ, ఓవర్ కరెంటు, షార్ట్ సర్క్యూట్ రక్షణలున్నాయా, కనీసం ఐదేళ్ల వారంటీ ఉందా అడగండి.

2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీని ఎగరేసుకుపోతున్నాయి. మొత్తం బడ్జెట్ దాటకూడదని మీరు పట్టుబడితే, దుకాణదారు కోత పెట్టేది మీరు పేరు అడగని ఎస్‌ఎంపీఎస్ దగ్గరే. అక్కడ నాలుగైదు వేలు పెట్టండి. కోత తప్పకపోతే రంగు లైట్లకూ అద్దాల కేబినెట్‌కూ పెట్టండి. ఈ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు.

కేబుళ్లు విడిగా గుచ్చుకునే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్ తీసుకుంటే దాంతో వచ్చిన కేబుళ్లే వాడండి. పాతదాని కేబుల్ దీనికీ పడుతోంది కదా అని గుచ్చకండి. బోర్డు వైపు కొస అన్ని కంపెనీలకూ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు కొసలో మాత్రం ఏ పిన్నులో ఏ వోల్టేజీ రావాలన్నది కంపెనీకొక తీరు. ఐదు వోల్టులు రావాల్సిన చోట పన్నెండు వచ్చి, ఆన్ చేసిన క్షణంలోనే హార్డ్ డిస్కులు కాలిపోతాయి.

చెడిపోయిన ఎస్‌ఎంపీఎస్ డబ్బాను విప్పకండి. ప్లగ్గు తీసేసిన తర్వాత కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 320 వోల్టుల దాకా నిలిచి ఉండొచ్చు. విదేశాల నుంచి బంధువులు తెచ్చిచ్చిన పాత మిషన్ అయితే వెనుక 115, 230 అనే ఎర్ర స్విచ్చు ఉందేమో చూడండి. అది 115 మీద ఉండగా మన ప్లగ్గులో పెడితే పేలుతుంది.

యూపీఎస్, ఇన్వర్టర్, ఉరుములు

దుకాణాల్లో చవగ్గా ఇచ్చే 600 వీఏ యూపీఎస్ సాధారణంగా 360 వాట్లది. ఈ మిషన్, మానిటర్ కలిపితే అది అంచు మీద నడుస్తుంది. కనీసం 1000 వీఏ తీసుకోండి. అది ఫైలు సేవ్ చేసి ఆపుకోవడానికే, ఆట కొనసాగించడానికి కాదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే అది సైన్ వేవ్‌ది అయి ఉండాలి, స్విచ్చు యూపీఎస్ మోడ్‌లో ఉండాలి. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద ఈ మిషన్ నడపకండి. లేజర్ ప్రింటర్‌ను యూపీఎస్‌కు తగిలించకండి. అది వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా లాగే కరెంటుకు యూపీఎస్ చేతులెత్తేస్తుంది. ఫ్లెక్సీ, జిరాక్స్ దుకాణాల వాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట గాలీ ఉరుములూ ఒక్కటై వచ్చినప్పుడు స్విచ్చు ఆపితే చాలదు, ప్లగ్గు పీకాలి. దాంతోపాటు రౌటర్ నుంచి వచ్చే ల్యాన్ వైరు కూడా. ఫైబర్ తీగలో కరెంటు రాదు కానీ రౌటర్ అడాప్టర్ గోడకే ఉంది కదా, పిడుగు అటు నుంచి ల్యాన్ వైరులోకి ఎక్కుతుంది. స్పైక్ బస్టర్ చిన్న చిన్న పోట్లను ఆపుతుంది, దగ్గర్లో పడ్డ పిడుగును ఆపలేదు.

వేడి, దుమ్ము

గ్రాఫిక్స్ కార్డు 72 డిగ్రీలు దాటదని వీడియోల్లో చూపిస్తారు. అవి 22, 25 డిగ్రీల గదుల్లో చేసిన పరీక్షలు. మే నెలలో మన రేకుల గది 40 దాటుతుంది. ఆ తేడా పదిహేను డిగ్రీలూ దాదాపుగా కార్డు మీదికి చేరతాయి. అప్పుడది తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, ఫ్యాన్లు హోరెత్తుతాయి. అందుకే ముందు భాగం జాలీగా ఉండి, ముందు రెండు, వెనుక ఒకటి ఫ్యాన్లున్న కేబినెట్ తీసుకోండి. ముందంతా అద్దం బిగించినది చూడ్డానికి బాగుంటుంది, మన ఊరికి పనికిరాదు. రెండు ఫ్యాన్ల కార్డు, ప్రాసెసర్‌కు విడిగా కొన్న టవర్ కూలర్ ఇక్కడ అవసరాలే. వేసవిలో కార్డు పవర్ లిమిట్‌ను 80, 85 శాతానికి దించండి. వేగం తగ్గేది కొద్దిగానే, వేడి తగ్గేది బాగా.

పత్తి దూది పోగులు, శనగ నూర్పిళ్ల ధూళి, రేగడి మట్టి, ఇవన్నీ ఫ్యాన్ల దగ్గర చేరి దుప్పటిలా పేరుకుంటాయి. ఉతుక్కునే ఫిల్టర్లున్న కేబినెట్ చూసుకోండి. నడుస్తున్నప్పుడు గుడ్డ కప్పకండి, బల్ల అరలో తోసేయకండి, నేల మీద పెట్టకండి, వెనుక జానెడు జాగా వదలండి. శుభ్రం చేసేటప్పుడు ప్లగ్గు పీకి, వాకిట్లోకి తెచ్చి, ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకుని బ్లోయర్ కొట్టండి. రెక్కను గిర్రున తిరగనిస్తే బేరింగు పాడవుతుంది.

మిగిలిన భాగాలు

డిజైన్ పనికి 32 జీబీ ర్యామ్ మంచిది. ధర అందకపోతే 16తో మొదలుపెట్టి స్లాట్లు ఖాళీగా ఉంచుకోండి. మానిటర్ ఐపీఎస్ ప్యానెల్, వంద శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉన్నది కావాలి, లేదంటే తెర మీద ఒక ఎరుపు, ఫ్లెక్సీ మీద ఇంకో ఎరుపు. పని ఫైళ్లకు రెండో కాపీ వేరే డ్రైవ్‌లో ఉండి తీరాలి.

ఇంటెల్ 13, 14వ తరం ప్రాసెసర్ తీసుకుంటే బయాస్ అప్‌డేట్ చేసి ఇవ్వమని అడగండి. వాటిలో కొన్ని ఎక్కువ వోల్టేజీ వల్ల దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెల్ ఒప్పుకుని సరిదిద్దే కోడ్ విడుదల చేసింది, కొన్ని మోడళ్లకు వారంటీ రెండేళ్లు పెంచింది.

‘ఐ7 గేమింగ్ పీసీ, ఇరవై వేలకే’ అనే ఆన్‌లైన్ ప్రకటనలకు పోకండి. ఎన్నో తరం ఐ7 అన్నది అందులో రాయరు. చాలాసార్లు అది 2012 నాటి మూడో తరం ప్రాసెసర్, పేరు తెలియని బోర్డు, పనికిరాని ఎస్‌ఎంపీఎస్. సెకండ్ హ్యాండ్ కార్డు కొంటే మీ కళ్లెదుటే అరగంట బరువైన ఆట నడిపించి చూడండి. 2022 సెప్టెంబరులో ఈథీరియం మైనింగ్ ఆగిపోయాక రాత్రింబవళ్లు పనిచేసి అలసిన కార్డులు సంతలోకి చాలా వచ్చాయి. ప్రతి భాగం సీరియల్ నంబరుతో జీఎస్‌టీ బిల్లు తీసుకోండి. బళ్లారిలో కొన్నది బళ్లారిలోనే మార్చుకోవాలా, అనంతపురంలో సర్వీస్ సెంటర్ ఉందా అన్నది డబ్బు కట్టే ముందే అడగండి.

బిగించేటప్పుడు ఎండిన గాలికి ఒంటి మీద స్టాటిక్ ఎక్కువ. నైలాన్ చొక్కా వద్దు, ర్యామ్ ముట్టుకునే ముందు కేబినెట్ రేకును తాకండి. గ్రాఫిక్స్ కార్డు పవర్ కేబుల్ టక్కుమనే దాకా లోపలికి నొక్కండి, సగం గుచ్చిన కనెక్టర్ వేడెక్కి కరుగుతుంది.

కాలిన వాసన వస్తే మెయిన్ ఆపండి, నీళ్లు మాత్రం చల్లకండి. మంట లేచిందంటే 101కి ఫోన్ చేయండి. ఇక ఒక ఇంట్లో లైట్లు ఉన్నట్టుండి బాగా ప్రకాశించి, పక్క ఇంట్లో మందగించాయంటే వీధిలో న్యూట్రల్ తెగినట్టు. ఆ సమయంలో మీ ప్లగ్గులోకి 230కి బదులు 400 వోల్టుల దాకా రావచ్చు. వెంటనే మెయిన్ దించి, ఏపీఎస్‌పీడీసీఎల్ 1912కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు రాసుకోండి. మీ ఇంటికే కాదు, ఆ వీధి మొత్తానికీ చెప్పండి.