పొరుగువాడు నరికించిన చెట్టు

మన జనగామ ప్రాంతపు చెలకలలో గెట్టువెంట వేప, తుమ్మ, టేకు పెంచుట పెద్దలనాటి యలవాటు. పొరుగు పట్టాదారు తన చెట్లను కట్టె వ్యాపారికి అమ్మును. వ్యాపారి కూలీలు హద్దెరుగకయో, ఎరిగియేయో, గెట్టు దాటి మన టేకును సైతము కొట్టుకొనిపోవుదురు. మనము పొలమునకు పోవుసరికి మొద్దు మాత్రము మిగిలియుండును. అప్పుడు చేయదగిన దేమియో కర్షక సోదరులకు విన్నవించుచున్నాము.

నిలిచియున్న చెట్టు భూమిలో భాగము. నరికిన క్షణమున నది చరాస్తి యగును. పరుని భూమిలోని చెట్టును అపహరించు నుద్దేశముతో నరికినవాడు, బండికెత్తక మునుపే దొంగ యగునని 1860 నాటి శిక్షాస్మృతి యుదాహరణపూర్వకముగా చెప్పినది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలోను 303వ సెక్షను క్రింద నదియే న్యాయము. శిక్ష 3 ఏండ్ల వరకు కలదు.

అయితే "హద్దు తెలియక కొట్టితిమి" అని వారందురు. అది నిజమైనచో దొంగతనము నిలువదు. ఠాణాలో "ఇది సివిలు తగాదా" యనగానే మనవారు పెక్కురు ఇంటికి మరలి యూరకుందురు. ఇదియే పెద్ద పొరపాటని మా యభిప్రాయము. తెలియక చేసినవాడు జైలు తప్పించుకొనవచ్చును గాని వెల తప్పించుకొనజాలడు. అనుమతి లేక పరుని భూమిలో ప్రవేశించి నరికిన వ్యాపారిపైనను, హద్దు తప్పుగా చూపి నరికించిన పొరుగువానిపైనను నష్టపరిహారమునకు దావా వేయవచ్చును. గడువు 3 సంవత్సరములు. పండ్లచెట్టైనచో కట్టె వెలయే గాక, పోయిన ఫలసాయమును గూడ నడుగవలెను. కాపుకు వచ్చిన మామిడిని వంటచెరకు ధరకు వదలుకొనుట యేల?

దావాకు ప్రాణము రుజువు. మొద్దులను కాల్చివేయక మునుపే ఒక్కొక్కదాని చుట్టుకొలత వ్రాసి, ఛాయాచిత్రములు తీయించి, ఇరుగుపొరుగు రైతులచే సంతకములు చేయించవలెను. ఒంటరిగా పోరాదు. 1940ల దశకమున పాలకుర్తిలో చిట్యాల ఐలమ్మ విసునూరు దేశ్‌ముఖు మనుష్యులనుండి తన పంటను దక్కించుకొన్నది సంఘమువారి యండతోనే గదా! పిదప తహసీల్దారుకు దరఖాస్తు పెట్టి, సర్వేయరుచే టీపన్ ప్రకారము హద్దు కొలిపించవలెను. హద్దు తేలనిదే తక్కిన దేదియు తేలదు.

2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ప్రకారము చెట్లు నరుకుటకు సామాన్యముగా ముందు అనుమతి కావలెను. అట్టి అనుమతి యేదైన నిచ్చియున్నచో, ఏ సర్వే నెంబరుకో చూచుటకు సమాచార హక్కు చట్టము క్రింద నకలు అడుగవచ్చును. పక్క నెంబరు అనుమతితో మన చెట్టు పడినదని తేలినచో సగము వాదము గెలిచినట్లే.

ఇంకను చెట్లు మిగిలియున్నచో వెంటనే వకీలు ద్వారా తాత్కాలిక నిషేధపుటుత్తరువు కోరవలెను. స్త్రీలకును, షెడ్యూల్డు కులముల, తెగల వారికిని ఆదాయముతో నిమిత్తము లేకుండ జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉచితముగా వకీలు నిచ్చును. లోక్ అదాలతులో రాజీ కుదిరినచో దానిపై అప్పీలు లేదు. కావున సంతకమునకు ముందే చెట్ల లెక్కయు, సొమ్ము చెల్లించు తేదీయు కాగితముపై నున్నవో లేవో చదివించుకొనవలెను.