పల్లేరు కాయ పక్కన పెట్టుకుని చదువు

చిరంజీవి సింధుకి,

నువ్వు పంపిన నోట్‌బుక్ పేజీలు రాత్రి రెండుసార్లు చదివాను. మందార చెట్టు మీద రెండు రకాల తేనెపిట్టలు ఒకదాన్నొకటి తరుముకోవడం కళ్లకు కట్టినట్టు రాశావు. దాని కింద "ఇదే పోటీ" అని గీత గీశావు చూడు, అక్కడ ఆగిపోయానమ్మా.

దగ్గరి చుట్టాలైన పక్షి జాతుల మధ్య పోటీ చాలాసార్లు కొట్లాటలో కాదు, తిండి దగ్గర జరుగుతుంది. ఒకటి తినేసిన గింజ రెండోదానికి దొరకదు. అరుపులుండవు, ఈకలు రాలవు. అందుకే చూడటం కష్టం.

అలాంటి పోటీని ఎలా పట్టుకున్నారో చెబుతాను, ఒక పల్లేరు కాయ తెచ్చి బల్ల మీద పెట్టుకో. గాలాపగోస్‌లో డాఫ్నే మేజర్ అనే చిన్న దీవి ఉంది. మన పల్లేరుకు దగ్గరి చుట్టమైన మొక్క అక్కడ పెరుగుతుంది. ఎండిన కాయ ముళ్లతో సహా ముక్కలుగా విడిపోతుంది. ఒక ముక్కను గోటితో చీల్చి చూడు, నీ గోరు ఓడిపోతుంది. గింజలు ఆ పెంకు లోపల ఉంటాయి. దాన్ని పగలగొట్టగలదా లేదా అన్నది అక్కడి పిట్ట ముక్కు మందంలో అర మిల్లీమీటరు తేడా మీద ఆధారపడుతుంది.

పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి ఆ దీవిలో ఫించ్ పిట్టల్ని పట్టి, కాళ్లకు రింగులు తొడిగి, ముక్కులు కొలిచారు. 1977లో వానలు పడలేదు. చిన్న గింజలు అయిపోయి గట్టి కాయలే మిగిలాయి. మధ్యరకం నేల ఫించ్ అనే జాతిలో అత్యధికం చచ్చిపోయాయి. బతికినవాటిలో పెద్ద ముక్కువే ఎక్కువ. ముక్కు కొలత తల్లిదండ్రుల నుంచి పిల్లలకు వస్తుంది కాబట్టి తర్వాతి తరం ముక్కులూ పెద్దవయ్యాయి.

1982లో పెద్ద నేల ఫించ్‌లు కొన్ని ఆ దీవికి వచ్చి గూళ్లు పెట్టాయి. వాటి బరువు మధ్యరకం పిట్టకు ఒకటిన్నర రెట్లకు పైనే. పల్లేరు కాయను అవి ఇట్టే విప్పేస్తాయి. తిండి సమృద్ధిగా ఉన్నన్నాళ్లూ రెండు జాతులూ పక్కపక్కనే బతికాయి. 2004-05లో మళ్లీ కరువొచ్చింది. అప్పటికి పెద్దవాటి సంఖ్య బాగా పెరిగింది, కాయలు చాలావరకు అవే తినేశాయి. ఈసారి మధ్యరకంలో చచ్చిపోయినవి ఎక్కువగా పెద్ద ముక్కు పిట్టలు. చిన్న గింజలు ఏరుకోగలిగిన చిన్న ముక్కువి నిలిచాయి. కాయలు అయిపోయాక పెద్ద జాతిలోనూ చాలా పిట్టలు పోయాయి.

అదే దీవి, అదే పిట్ట, మళ్లీ కరువే. 1977లో పెరిగిన ముక్కు ఈసారి తగ్గింది. మారింది పొరుగు. 1977 కొలతలు చేతిలో లేకపోతే గ్రాంట్ దంపతులు ఆ మాట ధైర్యంగా అనగలిగేవారా? దీన్ని వాళ్లు 2006లో ప్రకటించారు. ఆ 2004-05 కరువులో బతికిన, చచ్చిన పిట్టల డీఎన్‌ఏను పోల్చి చూసిన 2016 పరిశోధనలో, ముక్కు పరిమాణంతో ముడిపడిన హెచ్‌ఎంజీఏ2 అనే జన్యువు దగ్గర తేడా తేలింది.

నేను పాఠం చెప్పిన రోజుల్లో ముక్కుల బొమ్మలు బోర్డు మీద గీసి, ఈ తేడాలన్నీ పోటీ వల్లేనని చెప్పేవాణ్ణి. తేడా కనబడినంత మాత్రాన పోటీ రుజువు కాదు. రెండు జాతులు వేర్వేరు చోట్ల వేర్వేరు తిండికి అలవాటుపడి, ఆ తర్వాత ఒకచోట చేరి ఉండొచ్చు. నా దగ్గర చదువుకున్న పిల్లలకు ఆ సంగతి చెప్పలేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. నీ విషయంలో అలా జరగకూడదు.

అందుకని "ఇదే పోటీ" అన్న ఆ గీత కొట్టెయ్యకు, పక్కన ప్రశ్న గుర్తు పెట్టు. తరుముకోవడం ఎన్నిసార్లు చూశావో దానితోపాటు, ఏ పిట్ట ఏ పువ్వు దగ్గర ఎంతసేపు ఉందో కూడా రాయి. పూలు విరగబూసిన నెలలో రెండూ ఒకే కొమ్మ మీద ఉంటాయి, అప్పుడేమీ తెలియదు. మే నెల ఎండల్లో పూలు తగ్గినప్పుడు మళ్లీ అదే చెట్టు దగ్గర, అదే వేళకు కూర్చో. ఒక రకం పిట్ట మాత్రమే తిరిగే తోట ఇంకోటి దొరికితే మరీ మంచిది, అక్కడా ఇదే లెక్క రాయి. గొడుగు, నీళ్లు మరిచిపోకు.

మే నెల పేజీలు రాయగానే పంపు. వాటికోసం ఎదురుచూస్తుంటాను.

మీ పెదనాన్న