వారానికి ఒక్క ఆదివారం

సమస్య



నాకు నలభై ఏళ్లు. 2012 డీఎస్సీలో బయో సైన్స్ స్కూల్ అసిస్టెంటుగా ఉద్యోగం వచ్చింది. మాది నిర్మల్. పిల్లలు పుట్టాక కూడా ఇంటికి దగ్గరి మండలాల్లోనే పనిచేశాను. 2021 డిసెంబరులో ఉద్యోగులను కొత్త జిల్లాలకు కేటాయించే 317 జీవో వచ్చింది. ఉమ్మడి ఆదిలాబాద్ నాలుగు జిల్లాలైంది కదా, సీనియారిటీ జాబితాలో కింద ఉన్నందుకు నన్ను కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాకు కేటాయించారు. అప్పటి నుంచి జైనూర్ వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఉన్నాను. ఉట్నూర్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, అక్కడి నుంచి రోజూ ఆటోలోనో బస్సులోనో బడికి పోయి వస్తాను. మా ఆయన నిర్మల్‌లో ప్రైవేటు కాలేజీ లెక్చరర్. ఆయనది సర్కారు ఉద్యోగం కాదు కాబట్టి స్పౌజ్ కేటగిరీ మాకు వర్తించదు. పాప తొమ్మిదో తరగతి, బాబు ఐదు. ఇంట్లో అత్తమ్మ ఉంది. ఆమెకు మోకాళ్ల నొప్పులు.

నా బాధంతా ఆదివారం గురించే మేడం.

మాకు శనివారం కూడా బడి ఉంటుంది, రెండో శనివారం ఒక్కటే సెలవు. శనివారం సాయంత్రం బడి వదలగానే బయల్దేరి, ఉట్నూర్‌లో బస్సు మారి, ఇల్లు చేరేసరికి రాత్రి తొమ్మిది దాటుతుంది. ఎక్స్‌ప్రెస్‌లో ఆడవాళ్లకు సున్నా టికెట్ కాబట్టి ఖర్చు లేదు గానీ సీటు దొరకదు. ఈ కాలంలో బస్సు నిండా సీతాఫలాల గంపలు కూడా ఉంటాయి. ఒక చేతిలో బట్టల సంచి, ఇంకో చేతిలో నోటుబుక్కులు, ప్రాజెక్టు పనులు, ఎఫ్‌ఏ మార్కుల రిజిస్టరు ఉన్న సంచి. ఆదివారం పొద్దున ఐదింటికి లేస్తాను. వారం రోజుల బట్టలు ఉతకాలి. ఫ్రిజ్ కడగాలి. వారానికి సరిపడా ఇడ్లీపిండి రుబ్బి డబ్బాల్లో పెట్టాలి, అల్లం వెల్లుల్లి ముద్ద నూరాలి, బాబు యూనిఫాం గుండీలు కుట్టాలి, పాప నోట్సులు చూడాలి. మధ్యాహ్నం అన్నాలయ్యాక పేపర్లు ముందేసుకుంటాను. సోమవారం తెల్లారకముందే మళ్లీ బస్సు. తొమ్మిదిన్నరకల్లా బడిలో ముఖ హాజరు పడాలి.

మిగతా రోజుల్లో కూడా నా మనసు ఇంట్లోనే. గదికి రాగానే వీడియో కాల్ పెడతాను. బాబు హోంవర్క్ చేశాడా, పాప ఎక్కడ కూర్చుని చదువుతోంది, అత్తమ్మ ఏం వండింది, అన్నీ చూసి, రాత్రి పడుకునే వరకు ఫోన్ పక్కనే పెట్టుకుంటాను.

దసరా సెలవుల్లో ఇంట్లోనే ఉన్నాను. బతుకమ్మ తొమ్మిది రోజులూ పాపా నేనూ కలిసి పూలు తెచ్చి పేర్చాం. సెలవులయ్యాక వచ్చిన మొదటి ఆదివారం, పాప సైన్స్ నోట్సు సగమే రాసి ఉందని కోప్పడ్డాను. అది తల ఎత్తకుండానే, "నువ్వు రాని ఆదివారమే బాగుంటది మమ్మీ" అంది. అత్తమ్మ విన్నది, ఆయన విన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. నేను వంటింట్లోకి పోయాను.

ఇటు బడిలో వేరే సంగతి. దసరా దాటిందంటే పత్తి ఏరుడు మొదలవుతుంది. హాజరు తీస్తుంటే ఒక్కో పేరుకు "పత్తికి పోయిండు మేడం" అంటారు. ఎస్‌ఏ-1 పరీక్షలు ముందున్నాయి. దీపావళి దగ్గరికొస్తే గోండు గూడేల్లో దండారి మొదలవుతుంది. మా బడి పిల్లల ఇళ్లన్నీ ఆ సంబరంలోనే ఉంటాయి. ఏటా గూడెం పటేల్ బడికి వచ్చి మరీ పిలుస్తాడు. ఏటా "ఆదివారం ఊరికి పోవాలి పటేల్" అంటాను. ఈసారి నా తొమ్మిదో తరగతి పిల్ల ఒకతి, "అందరు సార్లు వచ్చిండ్రు, మీరొక్కరే ఎన్నడూ రాలే మేడం" అంది.

ఒక్క ఆదివారం ఆగిపోతానని ఇంట్లో అంటే మా ఆయన, "వారానికి ఒక్క రోజు వస్తవు, అది కూడా ఎగ్గొడితే ఎట్ల? ఇంత కష్టమెందుకు, రాజీనామా చెయ్యి" అన్నారు. కోపంతో కాదు, నన్ను చూసి బాధపడే అన్నారు. కార్తీక సోమవారాలకు కోడలు ఇంట్లో ఉండదని అత్తమ్మ దిగులు.

ఉద్యోగం మానెయ్యాలా? పిల్లలను ఉట్నూర్ తెచ్చుకోవాలా? నా బిడ్డకు నేను అక్కరలేకుండా పోయానా? మీరే చెప్పండి.

ఆసిఫాబాద్ జిల్లా నుంచి ఒక టీచర్

సలహా

అమ్మా,

మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను. మీ బిడ్డకు మీరు అక్కరలేకుండా పోయారన్నది అబద్ధం. బతుకమ్మ తొమ్మిది రోజులు మీ పక్కన కూర్చుని పూలు పేర్చిన పిల్లే వారం తిరగకుండా ఆ మాట అంది. ఆ తొమ్మిది రోజులు తనకు అమ్మ దొరికింది. ఆదివారం దొరికింది అమ్మ కాదు, బట్టల మూట ముందూ నోట్సుల ముందూ కూర్చున్న ఒక అలసిన మనిషి. పాప వద్దన్నది ఆ ఆదివారాన్ని, మిమ్మల్ని కాదు.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా ఎక్కువగా కనిపించిన విషయం మీరు మామూలుగా రాసి వదిలేశారు. ఉట్నూర్ గదిలో సాయంత్రాలన్నీ ఫోన్‌లో నిర్మల్ ఇంటిని చూసుకుంటున్నారు. నిర్మల్ ఇంట్లో ఆదివారం మధ్యాహ్నమంతా జైనూర్ బడి పేపర్లు చూసుకుంటున్నారు. అంటే అక్కడున్నప్పుడు ఇక్కడ, ఇక్కడున్నప్పుడు అక్కడ. ఈ రెండూ తారుమారు చేయండి. సగం బాధ ఇక్కడే తీరుతుంది.

పేపర్ల సంచి ఇక బస్సెక్కకూడదు. సోమవారం నుంచి శుక్రవారం వరకు గదిలో మీరు ఒంటరిగా ఉండే సాయంత్రాలు పేపర్లవి, మార్కుల రిజిస్టరువి, పాఠ్య ప్రణాళికవి. ఇంటికి కాల్ చేయండి, కానీ ఒక్కసారే, అందరూ అన్నం తినే వేళ. హోంవర్క్ అడగకండి. ఆ రోజు బడిలో మీకు ఏం జరిగిందో మీరు చెప్పండి. ఏ పిల్లాడు పత్తి చేను నుంచి సరాసరి క్లాసుకు వచ్చాడో, మైక్రోస్కోపులో ఉల్లిపొర చూసి ఎవరు ఏమన్నారో చెప్పండి. తొమ్మిదో తరగతి పిల్లకు అమ్మ ఉద్యోగం అంటే ఏమిటో ఇప్పటిదాకా తెలియదు, అమ్మను తన నుంచి తీసుకుపోయేదని తప్ప.

ఇక ఆదివారం పనుల సంగతి. ఆరు రోజులు ఇంట్లో లేనందుకు మీరు ఏడో రోజున బాకీ తీరుస్తున్నారు. ఎంత కట్టినా ఆ బాకీ తీరదు, ఎందుకంటే మిమ్మల్ని ఎవరూ అడగలేదు. మీరు లేని ఆరు రోజులూ ఆ ఇంట్లో పొయ్యి వెలుగుతోంది, పిల్లలు బడికి పోతున్నారు, బట్టలు కూడా ఎలాగో ఆరుతున్నాయి. అత్తమ్మ, మీ ఆయన ఆ ఇంటిని నడుపుతున్నారు. వాళ్లు నడిపిన తీరు మీకు నచ్చకపోవచ్చు. వచ్చీ రాగానే ఫ్రిజ్ కడగడం మొదలుపెడితే, వాళ్లు చేసింది చాలలేదని మాట లేకుండా చెప్పినట్టే అవుతుంది. మోకాళ్ల నొప్పులతో ఆరు రోజులు వండిన పెద్దామెకు అది ఎంత చిన్నతనంగా ఉంటుందో ఆలోచించండి.

బట్టలకు, అంట్లకు మనిషిని పెట్టుకోండి. మీ జీతంలో అది మోయలేని ఖర్చు కాదు. ఇడ్లీపిండి మీ ఆయన రుబ్బుతారు, లేదా కొంటారు. గుండీ కుట్టడం ఐదో తరగతి పిల్లాడికి ఒక్కసారి చూపిస్తే వస్తుంది. అత్తమ్మను డాక్టరుకు చూపించే పని మాత్రం మీరు పెట్టుకోండి, రెండో శనివారం అందుకు అనుకూలం. కార్తీకంలో సోమవారం దీపం ఆమె ఇంట్లో పెడుతుంది, మీరు ఉట్నూర్ గదిలో పెట్టండి. ఇద్దరి దీపాలకూ ఒకటే విలువ అని ఆమెకు మీ నోటితో చెప్పండి.

మరి ఆదివారం ఏం చేయాలి? పొద్దెక్కేదాకా పడుకోండి. పాపతో కలిసి కూరగాయల మార్కెట్‌కు పోండి. దాని తలకు నూనె పెట్టి జడ వేయండి, ఆ పది నిమిషాలు చదువు మాట ఎత్తకండి. జడ వేస్తుంటే ఆడపిల్లలు ఎదురుగా చూడక్కర్లేకుండా మాట్లాడతారు, అదే వాళ్లకు సులువు. సగం రాసిన సైన్స్ నోట్సు సంగతి ఆ పిల్లకు పాఠం చెప్పే టీచరు చూసుకుంటారు. ఆ ఇంట్లో మీరు టీచరు కానక్కర్లేదు.

ఇక దండారి. దీని గురించి కొంచెం ఎక్కువే చెబుతాను.

వెళ్లండి. ఏటా పటేల్ బడి దాకా నడిచి వచ్చి పిలవడం చిన్న విషయం కాదు. గోండు సమాజంలో దండారి అంటే ఒక ఊరు మరో ఊరికి అతిథిగా పోవడం, వచ్చిన ఊరికి అన్నం పెట్టడం. నెమలి ఈకల కిరీటం పెట్టుకుని ఆడే గుస్సాడీ నర్తకులు ఆ దీక్ష రోజుల్లో స్నానం కూడా చేయరు, అంత నిష్ఠ. జైనూర్ మండలంలోని మార్లవాయికి చెందిన గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో పద్మశ్రీ ఇచ్చారు. అదే మార్లవాయిలో 1940ల్లో మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టీ గోండుల మధ్య కాపురం ఉన్నారు. గోండు యువకులను టీచర్లుగా తయారుచేసే శిక్షణ అక్కడే నడిచింది. ఈనాటికీ ఆ ఊరివాళ్లు జనవరిలో ఆ దంపతుల వర్ధంతి జరుపుకుంటారు. తమ మధ్య ఉండి చదువు చెప్పినవాళ్లను అంత కాలం గుర్తుపెట్టుకునే ఊళ్లు అవి. మీరు ఏ బయో సైన్స్ పాఠం చెప్పినా, ఆ పిల్లల ఇంటి గడప తొక్కని టీచరు వాళ్లకు ఎప్పటికీ ఆటో దిగి, ఆటో ఎక్కే మనిషిగానే మిగిలిపోతారు. పత్తి ఏరుడుకు పిల్లను ఆపిన తల్లితో, ఆమె వాకిట్లో కూర్చుని మాట్లాడితే ఒక తీరు. హాజరు పట్టీ చూపించి మాట్లాడితే ఇంకో తీరు.

అయితే ఒంటరిగా వెళ్లకండి. ఆ వారం మీరు నిర్మల్ పోవద్దు, నిర్మలే మీ దగ్గరికి రావాలి. పిల్లలనూ మీ ఆయననూ శనివారం ఉట్నూర్ బస్సెక్కమనండి. అత్తమ్మకు ప్రయాణం కష్టమైతే ఆ ఒక్క రాత్రి దగ్గరి బంధువులను తోడుంచండి. ఇరుకైనా సరే ఆ గదిలోనే అందరూ పడుకోండి. మీరు ఏ పొయ్యి మీద వండుకుంటున్నారో, ఏ కిటికీ దగ్గర కూర్చుని వాళ్లకు ఫోన్ చేస్తున్నారో మీ పాప చూడాలి. ఇన్నేళ్లలో పాప ఆ గది చూసినట్టు మీరు ఒక్క మాట రాయలేదు. వీలైతే సోమవారం సెలవు పెట్టి జోడేఘాట్ తీసుకుపోండి, కుమురం భీం స్మారక మ్యూజియం ఉంది. గూడెంలో మీ విద్యార్థినులు పరుగెత్తుకొచ్చి "మేడం" అని మీ చెయ్యి పట్టుకున్నప్పుడు మీ పాప పక్కనే ఉండాలి. దానికి కొంచెం అసూయ కలుగుతుంది, కలగనివ్వండి. ఆ అసూయ తర్వాత గర్వం కూడా వస్తుంది.

సెలవుల విషయంలో మీరు పిసినారితనం చేస్తున్నారని నా అనుమానం. మహిళా ఉద్యోగులకు మామూలు క్యాజువల్ లీవులకు తోడు ఏడాదికి అదనంగా ఐదు ఉన్నాయి. వాటిని జ్వరాలకని దాచుకోకుండా, రెండో శనివారాలకు ముందో వెనకో కలిపి వాడండి. పిల్లల సంరక్షణ సెలవు సర్వీసు మొత్తంలో 90 రోజులు, పిల్లలకు 18 ఏళ్లు నిండేలోపు, ఒక్కో విడతలో 15 రోజులు మించకుండా వాడుకోవచ్చు. వచ్చే ఏడు మీ పాప పదో తరగతి. మీ బడి పదో తరగతి పరీక్షలూ అప్పుడే కాబట్టి ఆఖరి నిమిషంలో అడిగితే హెడ్మాస్టరుకు ఇబ్బంది. జూన్‌లోనే మాట్లాడి, సిలబస్ ముందుగా ముగించి, ఒక విడత పరీక్షలకు ముందు తీసుకునేలా ఒప్పించుకోండి.

పాపను ఇప్పుడు బడి మార్చవద్దు. తొమ్మిదిలో ఉన్న పిల్లను ఊరు మార్చి, పదో తరగతి ముందు కొత్త స్నేహితులను వెతుక్కోమనడం అన్యాయం. బాబు సంగతి వేసవిలో ఆలోచించండి, వాడినే అడగండి.

రాజీనామా మాత్రం వద్దు. మీ ఆయన ప్రేమతోనే అన్నారు, నిజమే. ఆ ప్రేమను ఇడ్లీపిండి రుబ్బడంలో చూపించమనండి. పాపకు ఇంకో మూడు నాలుగేళ్లలో కాలేజీ వస్తుంది, ఇల్లు వదిలి తనే పోతుంది. అప్పుడు మీకు మళ్లీ ఈ ఉద్యోగం ఎవరూ ఇవ్వరు. పైగా మీకు ఆ పని ఇష్టం. ఇష్టం లేని మనిషి "మీరొక్కరే రాలే" అన్న మాటకు ఇంత బాధపడి ఉత్తరం రాయదు.

బదిలీ ప్రయత్నం ఆపవద్దు. 2024 చివర్లో 317 బాధితుల పరస్పర బదిలీలకు ప్రభుత్వం వీలు కల్పించింది. మళ్లీ అలాంటి అవకాశం వచ్చేనాటికి మీకు జోడీ సిద్ధంగా ఉండాలి. మీరు నిర్మల్ నుంచి ఆసిఫాబాద్ పోయినట్టే, ఆసిఫాబాద్ నుంచి నిర్మల్ వచ్చి, అక్కడి ఇంటి కోసం ప్రతి శనివారం బస్సెక్కే వాళ్లూ ఉంటారు. మీ సంఘం వాళ్లకు చెప్పి ఉంచండి.

నిర్మల్ జిల్లాలో జిల్లా పరిషత్ బడిలో పనిచేస్తూ, ఇల్లు ఆసిఫాబాద్ వైపు ఉన్న బయో సైన్స్ స్కూల్ అసిస్టెంట్లు, తెలుగు మీడియం వారు, ఈ ఉత్తరం చదివితే మాకు రాయండి. మీ ఉత్తరం ఈ టీచరుకు చేర్చే బాధ్యత నాది.