తప్పు జరిగిన మరునాడు

దుకాణమో, కార్ఖానాయో, ఆఫీసో నడిపేవారు మన దాతల్లో చాలామంది ఉన్నారు. కలిసినప్పుడల్లా పనివాళ్ల గురించి వినబడే ఫిర్యాదు ఒకటే: ‘చెప్పింది చెయ్యరు, చేసింది చెప్పరు.’ మొదటిది నేర్పితే సర్దుకుంటుంది. రెండోది మన నోటివల్ల వచ్చిన జబ్బేమోనని నా అనుమానం.

హిజ్రీ 3లో జరిగిన ఉహుద్ యుద్ధాన్ని గుర్తుచేసుకుందాం. మదీనాలోనే ఉండి ఎదుర్కోవాలని దైవప్రవక్త ముహమ్మద్ (స) మొగ్గు చూపారు. బయటికెళ్లి తలపడదామని యువకులు పట్టుబట్టగా వారి మాట మన్నించారు. ఒక చిన్న కొండమీద 50 మంది విలుకాళ్లను నిలిపి, హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి)ను వారికి నాయకునిగా నియమించారు. మేము గెలిచినట్టు కనిపించినా, ఓడినట్టు కనిపించినా కబురు పంపేదాకా కదలవద్దన్నది ఆ ఆదేశ సారాంశం. ఎక్కడ ఉండాలో, ఎప్పటిదాకా ఉండాలో, మనసు ఎప్పుడు తొందరపెడుతుందో అన్నీ అందులోనే ఉన్నాయి. మనమేమో ‘ఆ పార్సిలు సంగతి కాస్త చూడు’ అని ఒక వాయిస్ మెసేజ్ పడేసి, సాయంత్రం కోప్పడతాం.

శత్రువు పారిపోతున్నాడనుకుని విలుకాళ్లలో ఎక్కువమంది కొండ దిగారు. వెనుకనుంచి గుర్రపుదళం విరుచుకుపడింది. సుమారు 70 మంది సహాబీలు షహీద్ అయ్యారు. దైవప్రవక్త (స) ముఖానికి గాయమై, పన్ను విరిగింది.

ఇంత నష్టం తర్వాత ఆలి ఇమ్రాన్ సూరాలోని ఆయతులు అవతరించాయి. 152వ ఆయతు ఆదేశాన్ని మీరిన సంగతిని దాచదు. మన్నింపునూ అక్కడే ప్రకటిస్తుంది. 159వ ఆయతులో ప్రవక్త (స) మృదుత్వాన్ని అల్లాహ్ తన కారుణ్యంగా పేర్కొంటాడు. ఆయన కటువుగా ఉంటే జనం చెదిరిపోయేవారని చెబుతాడు. వారిని మన్నించమని, వారికోసం క్షమాభిక్ష వేడమని, వారితో సంప్రదించమని ఆదేశిస్తాడు. నన్ను ఆపేది ఈ చివరి మాటే. బయటికి వెళదామన్న సలహా ఎటు దారితీసిందో అందరూ చూశారు. అయినా ‘ఇక మిమ్మల్ని అడిగేది లేదు’ అనే మాట రాలేదు. నిర్ణయించుకున్నాక అల్లాహ్‌పై భరోసా ఉంచమనడం కూడా ఆ ఆయతులోనే ఉంది. అంటే సలహా అందరిదీ, నిర్ణయభారం నాయకునిదీ.

నేను మాత్రం ‘ఇక నిన్ను అడిగేది లేదు’ అన్నవాణ్ణే. మా బట్టల దుకాణంలో ఒక కుర్రవాడు యూనిఫారాల కట్ట ఒక ఊరికి బదులు మరో ఊరికి పంపాడు. 14 మంది ఉన్న వాట్సాప్ గ్రూపులో అతన్ని దులిపేశాను. ఆ తర్వాత చాలా రోజులు అన్నీ సవ్యంగా జరుగుతున్నట్టే ఉంది. రంజాన్ ముందు సరుకు లెక్క చూస్తే ఎన్నో తేడాలు. ‘మళ్లీ గ్రూపులో పెడతారేమోనని చెప్పలేదు భాయ్’ అన్నాడు.

ఇప్పుడు గ్రూపులో ఆర్డర్లు మాత్రమే పెడుతున్నాను. తప్పుల ముచ్చట అసర్ నమాజు తర్వాత, లోపలి గదిలో, ఇద్దరి మధ్యే. పోయిన నెల అదే కుర్రవాడు తనంతట తానే వచ్చి, బిల్లులో 2,300 రూపాయలు తక్కువైందన్నాడు. కూర్చుని చూశాం. రేటు మార్చింది నేను, అతనికి చెప్పనిదీ నేనే.