యాక్సిలరేటరుకూ ఇంజనుకూ నడుమ

రాయపూర్ నుండి కాంకేర్, జగదల్‌పూర్‌ల మీదుగా దక్షిణానికి సాగే 30వ నంబరు జాతీయ రహదారి విజయవాడ చెంత ఇబ్రహీంపట్నం చేరుతుంది. ఈ దారిలోని కేశ్‌కాల్ ఘాట్ మలుపులలో లారీ వెనుక నెమ్మదించి, తిరిగి వేగమందుకోబోయే కారు డ్రైవరుకు ఒక్కొక్కప్పుడు ఒక సందేహం కలుగుతుంది: యాక్సిలరేటరు తొక్కినా బండి వెంటనే కదలదేమి?

పాత కార్లలో పెడల్‌నుండి ఇంజనుదాకా ఉక్కుతీగ ఉండేది. పాదమెంత కదిలితే గాలిద్వారపు రేకు అంత తెరుచుకొనేది. నేటి పెట్రోలు కార్లలో ఆ తీగ లేదు. పెడల్ వద్దనున్న రెండు సెన్సార్లు పాదం స్థితిని కంప్యూటరుకు తెలుపుతాయి. కంప్యూటరు ఆజ్ఞపై చిన్న మోటారు రేకును తిప్పుతుంది. సెన్సార్లు రెండెందుకన్న, వాటి లెక్కలు పొసగనప్పుడు కంప్యూటరు ఇంజను శక్తిని తగ్గించి ప్రమాదాన్ని నివారిస్తుంది.

విద్యుత్సంకేతం ప్రయాణించుటకు పట్టే కాలం లెక్కలోనిది కాదు. మనకు తెలిసే జాప్యంలో కొంత, కుదుపునూ పొగనూ తగ్గించుటకై నిర్మాతలు ఉద్దేశపూర్వకంగా ఏర్పరచినదే. టర్బో, ఆటోమేటిక్ గేరు ఉంటే మరికొంత చేరుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అరసెకను ఆలస్యమంటే సుమారు 8 మీటర్లు! ఎదురుగా బస్సు వస్తున్నప్పుడు ఇది స్వల్పదూరం కాదు.

పెడల్ సంకేతాన్ని పెంచి చూపే పెట్టెలు బజారులో దొరుకుతాయి. వాటివలన ఇంజను బలం పెరగదు; పాదం తక్కువ కదిలినా రేకు ఎక్కువ తెరుచుకుంటుంది, అంతే. వాటికన్న ఎక్కుడుకు ముందే తక్కువ గేరుకు మారుట మేలు. పూర్వం లేని జాప్యం కొత్తగా కనిపించినచో రేకుపై మసి పేరుకొన్నదేమో, హెచ్చరిక దీపం వెలిగినదేమో మెకానిక్కుకు చూపవలెను.