చెట్టును పీల్చని బదనిక

తుమ్మలపల్లె గనిలో షిఫ్టు దిగి ఇంటికొచ్చాక నాలుగు గంటలు చేతిలో మిగులుతాయి. ఉన్న చీనీ తోటకే నీళ్లు చాలడం లేదు. అలాంటప్పుడు ఫోన్లో ఒక వీడియో కనబడుతుంది: పావెకరంలో ఆర్కిడ్లు, నెలకు లక్షలు! పీఎఫ్ తీసి షేడ్‌నెట్ వేద్దామా అని మనసు లాగుతుంది. ఆ పీఎఫ్ ఫారం నింపేలోపు ఒక్కసారి చెట్ల వైపు చూడండి.

కొమ్మల మీద మొలిచేవాటికి మనవాళ్లు పెట్టిన పేరు బదనిక. ఆ పేరుతో పిలిచేవి నిజానికి రెండు. మామిడి కొమ్మలోకి వేరు దించి రసం పీల్చేది ఒకటి. అది ముదిరితే కొమ్మ ఎండిపోతుంది. రెండోది ఆర్కిడ్. శాస్త్రంలో దీని పేరు వాండా టెస్సెల్లేటా. చెట్టును పట్టుకుని నిలబడుతుందే గానీ చుక్క రసం తీసుకోదు. వాననీరు, మంచు, బెరడు మీద పేరుకున్న చెత్తలోని సారం, ఇవే దాని కూడు. సామర్లకోటలో పనిచేసిన విలియం రాక్స్‌బర్గ్ 1795లో కోరమండల్ తీరపు మొక్కల పుస్తకంలో దీన్ని వర్ణించాడు. రేకుల మీది గళ్లను బట్టే టెస్సెల్లేటా అన్న పేరు. తూర్పు కనుమల ఎండు అడవుల్లో మామిడి మీద, ఇప్ప మీద ఇది బతుకుతుంది.

మీరు మొదలుపెట్టే పక్కపని ఈ రెండో బదనికలా ఉండాలి. జీతం మీద నిలబడవచ్చు, జీతాన్ని పీల్చకూడదు. అందుకు వరుసగా నాలుగు పనులు.

మొదట నీళ్లు. ఆర్కిడ్‌కు ఉప్పు పడదు. మన బోరు నీళ్ల సంగతి బిందె అడుగున పేరుకునే తెల్లపొరే చెబుతుంది. పరీక్షలో ఈసీ (నీటిలోని ఉప్పు కొలత) మీటరుకు 0.5 డెసీసీమెన్లు దాటితే ఆ నీళ్లు నేరుగా పోయకండి. వాననీళ్లు పట్టి తొట్టిలో దాచుకోవాలి, లేదా ఆర్వో నీళ్లు కలపాలి. ఆ ఖర్చును మొక్క ధరతో పాటే లెక్కలో వేయండి.

తర్వాత ఎండ. పెళ్లి మంటపాల్లో కనిపించే ఊదారంగు పూలు చాలావరకు డెండ్రోబియం. వాటికి సగం నీడ, గాలిలో తేమ కావాలి. మనకు మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటి, గాలి పొడిగా కొడుతుంది. అందుకే పది మొక్కలతోనే మొదలుపెట్టండి. ఒక నెల ఓవర్‌టైం డబ్బులకు మించి పెట్టవద్దు. మట్టి వాడకండి. బొగ్గు, పెంకు ముక్కలు, టెంకాయ పీచు చాలు. నాపరాళ్లు పరిచిన వాకిట్లో వేలాడదీస్తే కింది సెగకే వాడిపోతాయి, చెట్టు నీడ మేలు. వేరు తెల్లగా ఉంటే దాహం, నీళ్లు తగిలి పచ్చబడితే చాలు. పొద్దున్నే తడపాలి, చీకటి పడేలోపు వేరు ఆరాలి. రాత్రి షిఫ్టు వారాల్లో ఆ పొద్దుటి తడి ఎవరు పెడతారో ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

మూడోది బేరం. ప్రొద్దుటూరులో మంటపాలు కట్టేవాళ్లను కలవండి. కట్ట ఎంతకు కొంటున్నారు, ఏ నెలల్లో కావాలి, ఎన్ని కావాలి అని అడిగి రాసుకోండి. మన దేశానికి ఈ పూలు థాయ్‌లాండ్ నుంచి కూడా దిగుతాయి, మీ పోటీ ఆ దిగుమతి పూలతోనే. ఆషాఢంలో, మూఢంలో పెళ్లిళ్లు ఉండవు. మొక్కకు పంచాంగం తెలియదు, పూస్తుంది.

నాలుగోది చేతిపని. ఆర్కిడ్ కాయలో విత్తనాలు ధూళిలా లెక్కలేనన్ని ఉంటాయి గానీ, వాటిలో మొలకకు తిండి ఉండదు. అడవిలో ఒక శిలీంధ్రం సాయపడితేనే మొలుస్తాయి. అందుకే నర్సరీల కోసం ప్రయోగశాల సీసాల్లో పెంచుతారు. సీసాలోంచి తీసిన పసిమొక్కను నీడలో బయటి గాలికి అలవాటు చేయడమే అసలు నేర్పు. పులివెందుల చుట్టుపక్కల టిష్యూకల్చర్ అరటి మొక్కలకు చేసేదీ ఇదే పని. సెలవు రోజుల్లో అలాంటి నర్సరీలో పనిచేసి చూడండి. ఆర్కిడ్ కుదరకపోయినా ఆ నేర్పు అరటికి పనికొస్తుంది. ఇంట్లో పదో తరగతి పాసైన పిల్లలుంటే ఉద్యాన విశ్వవిద్యాలయం వారి రెండేళ్ల డిప్లొమా గురించి కనుక్కోండి.

ఒక హెచ్చరిక: రిజర్వు అడవిలోంచి బదనికను పీక్కొచ్చి అమ్మితే కేసవుతుంది. తెచ్చినా వేళ్లు తెగిన మొక్క నిలవడం కష్టం. నర్సరీలోనే కొనండి, బిల్లు దాచుకోండి.

పది మొక్కలు ఒక మే నెల దాటి మళ్లీ పూస్తేనే ఉద్యానశాఖ కార్యాలయంలో షేడ్‌నెట్ రాయితీ గురించి అడగండి. అప్పటిదాకా అప్పు వద్దు, పీఎఫ్ ముట్టుకోవద్దు. ఈ వారపు సెలవుకు మాత్రం ఒక పని చేయండి. శుభ్రమైన లీటరు సీసాలో బోరు నీళ్లు పట్టి, పరీక్ష ఎక్కడ చేస్తారో కడప దగ్గరి ఊటుకూరు కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. ఆ నీటి పరీక్ష చీటీ చేతికి వచ్చాక మొక్కల మాట.